రెండో బంతికి వేడిగాలి

మే నెలలో, అదీ బెజవాడలో, కొత్తగా ఓ పొయ్యి తెచ్చి ముందుగదిలో పెట్టుకునేవాణ్ని ఏమంటారు? మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయడం బాగుండదు. 2024 మేలో నేను చేసింది మాత్రం అచ్చంగా అదే. కాకపోతే ఆ పొయ్యికి రెండు ప్రాసెసర్లు, అరడజను ఫ్యాన్లు ఉన్నాయి. దాన్ని కంప్యూటర్ అంటారు!

కథ మా అక్కయ్య కూతురితో మొదలైంది. యానిమేషన్ కోర్సు చివరి సంవత్సరం. మే 31 లోపు 3 నిమిషాల సినిమా చేసి ఇవ్వాలి. కృష్ణలో పడవ నడిపే ఓ ముసలాయన కథ. బొమ్మలన్నీ తయారు చేసేసింది. పడవ, రేవు, నీళ్లు, నీళ్ల మీద సాయంకాలపు ఎండ... అన్నీ ముచ్చటగా ఉన్నాయి. ఇక మిగిలింది రెండరింగే. అంటే ప్రతి బొమ్మలోనూ వెలుతురు ఎక్కడ పడుతుందో, ఎక్కడ తిరిగి మెరుస్తుందో కంప్యూటరు లెక్క కట్టి, పూర్తి చిత్రంగా గీయడమన్నమాట.

సెకనుకు 24 బొమ్మలు. 3 నిమిషాలకు 4,320. ఆ పిల్ల ల్యాప్‌టాప్ ఒక్కో బొమ్మకు 10 నిమిషాలు తీసుకుంటోంది. గుణించి చూడండి. 720 గంటలు. అంటే క్షణం ఆగకుండా నడిస్తే సరిగ్గా 30 రోజులు. ఆ రోజు మే 1.

"మంచి కంప్యూటర్ కొనాలంటే లక్షకు పైనే అంటున్నార్రా. నా గాజులు బ్యాంకులో పెడదామా?" అంది అక్కయ్య ఫోన్లో, గొంతు తగ్గించి. తగ్గించినా పక్కనున్న పిల్లకు వినబడనే వినబడింది. "గాజులు తాకట్టు పెట్టి తీసే సినిమా నాకొద్దు మామయ్యా" అని ఫోను లాక్కుంది. "పాత సామాన్లతో ఏమైనా చేయలేమా?"

చేయగలం. ఆ మాట అనేటప్పుడు నేను ఎండ సంగతి మరిచిపోయాను.

పాత ఏనుగు

పెద్ద పెద్ద ఆఫీసుల్లో, డిజైను స్టూడియోల్లో వర్క్‌స్టేషన్లనే భారీ కంప్యూటర్లుంటాయి. కొన్నేళ్లు వాడాక వాటిని మార్చేస్తారు. పాతవి విడిభాగాలుగా విడిపోయి సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వస్తాయి. ఒకప్పుడు వేల డాలర్లు పలికిన సరుకు కూరగాయల లెక్కన దొరుకుతుంది. మేం తెచ్చిన ప్రాసెసర్ల సంగతే చూడండి. ఇంటెల్ జియాన్ ఇ5-2690. 2012 మార్చిలో విడుదలైంది. అప్పట్లో ఒక్కోటీ 2 వేల డాలర్ల పైమాట. మాకు రెండూ కలిపి 4,400 రూపాయలకు వచ్చాయి.

ఒక్కో ప్రాసెసర్‌లో 8 కోర్లు. రెండూ కలిపితే 16. కోరు అంటే లెక్కలు చేసే ఓ చేయి అనుకోండి. పదహారు చేతులు ఒకేసారి పనిచేస్తే పని పదహారింతల వేగంగా అయిపోతుందా? అన్ని పనులూ కాదు. పెళ్లింట్లో కూరగాయలు తరగడానికి పదిమంది కూర్చుంటే పని చకచకా అయిపోతుంది. కానీ పొయ్యి మీది పాయసం దగ్గర పదిమంది నిలబడ్డా అది ఉడికే టైముకే ఉడుకుతుంది. పనిలో పంచుకోలేని భాగం ఎంతుంటే, ఎంతమందిని పెట్టినా వేగం అక్కడే ఆగిపోతుందని జీన్ ఆమ్డాల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1967లోనే తేల్చాడు. ఉత్తరం టైపు చేయడానికి, ఇంటర్నెట్ చూడటానికి మా పదహారు చేతుల ఏనుగు ఏమాత్రం గొప్పది కాదు. రెండరింగ్ మాత్రం పూర్తిగా కూరగాయలు తరిగే పని. బొమ్మను ముక్కలు చేసి ఎన్ని చేతులకైనా పంచవచ్చు. మేం ధైర్యం చేసింది అందుకే.

గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుంటే ఇంకా వేగం కదా అని తెలిసినవారు అడుగుతారు. నిజమే. కానీ సన్నివేశం మొత్తం ఆ కార్డు మెమరీలో పట్టాలి. మా పడవ, రేవు, నీళ్లు కలిసి 40 జీబీ దాటాయి. అంత మెమరీ ఉన్న కార్డు కొనాలంటే అక్కయ్య గాజులే కాదు, గొలుసు కూడా చాలదు.

పార్క్‌లేన్ ప్రయాణం

తెల్లారే రైలెక్కి ఇద్దరం సికిందరాబాద్ వెళ్లాం. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల కంప్యూటర్ సామాను దుకాణాలుంటాయని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. రోజంతా తిరిగాం. మదర్‌బోర్డు 9 వేలు. ఒక్కోటి 8 జీబీ చొప్పున 8 మెమరీ కార్డులు 5,600. పవర్ సప్లై మాత్రం పాతది వద్దనుకున్నాం. తక్కినవి చెడితే అదొక్కటే పోతుంది. పవర్ సప్లై చెడితే తనతోపాటు నలుగుర్నీ తీసుకుపోతుంది. ఆ రెండు ప్రాసెసర్లకు చెరొకటి చొప్పున 8 పిన్నుల కనెక్టర్లు రెండు ఉండాలి. మామూలు పవర్ సప్లైల్లో చాలావాటికి ఒకటే ఉంటుంది. వెతికి వెతికి కొత్తదే 7,500 పెట్టి కొన్నాం.

మెమరీ దగ్గర ఓ చిన్న కిటుకుంది. సర్వర్లలో, వర్క్‌స్టేషన్లలో వాడే రిజిస్టర్డ్ మెమరీ మామూలు డెస్క్‌టాప్‌లలో పనిచేయదు. అందుకే కొనేవాళ్లు తక్కువ, ధరా తక్కువ. మన బోర్డుకు పనికొస్తే పండగే. ఇంకో సంగతి. ఎనిమిది కార్డుల్నీ ఒకే వైపు గుచ్చకూడదు. ఒక్కో ప్రాసెసర్‌కు తన పక్కన తన మెమరీ ఉంటుంది. వంటింట్లో ఇద్దరు వంటవాళ్లుంటే ఇద్దరికీ చెరో పోపులపెట్టె ఉండాలి. ఒక్కటే ఉంటే రెండో ఆయన చిటికెడు ఆవాలకోసం గది ఆ చివరికి నడవాలి. పెనం మీద నూనె మాడిపోతుంది. అందుకని నాలుగిటు, నాలుగటు పెట్టాం.

అంతా బాగానే కొన్నాం అనుకుంటూ ఇల్లు చేరాం. కూలర్లు బిగిద్దామని కూర్చుంటే మరలు కలవడం లేదు. ఆ ప్రాసెసర్ గూడు ఒకటే అయినా, కూలరు బిగించే మరల దూరం రెండు రకాలట. ఒకటి చదరం, 80 మిల్లీమీటర్లకు 80. ఇంకోటి ఇరుకు, 56కు 94. మా బోర్డు ఇరుకుది, మేం తెచ్చిన కూలర్లు చదరానివి! దుకాణంవాణ్ని అని ఏం లాభం? బోర్డు చేతిలో పెట్టుకుని కూడా కొలవని తెలివి మాది. మార్చి తెప్పించుకునేసరికి నాలుగు రోజులు పోయాయి. గోడ మీద క్యాలెండరు వైపు చూడటం మానేసింది మేనకోడలు.

పరుగు, ఆయాసం

మే 11 రాత్రి స్విచ్ వేశాం. ఫ్యాన్లన్నీ ఒక్కసారి హోరుమన్నాయి, తర్వాత సర్దుకున్నాయి. తెర మీద 16 కోర్లు, 64 జీబీ మెమరీ కనిపించాయి. విండోస్ హోమ్ రకం ఒక ప్రాసెసర్‌నే గుర్తిస్తుంది, రెండోదాన్ని పట్టించుకోదు. మేం ముందే తెలుసుకుని లినక్స్ వేశాం. మొదటి బొమ్మ 3 నిమిషాల్లో వచ్చింది! ల్యాప్‌టాప్‌కు పట్టిన 10 నిమిషాలెక్కడ, ఇదెక్కడ! ముసలాయన తెడ్డు మీంచి నీటిబొట్టు జారుతోంది. ఎండ అందులో మెరుస్తోంది. పిల్ల కళ్లలోనూ అదే మెరుపు.

పొద్దున లేచి చూస్తే బొమ్మకు 5 నిమిషాలు పడుతోంది.

పగలు మరీ ఎండగా ఉన్నప్పుడు నడపవద్దని, సాయంత్రం 6 నుంచి మర్నాడు 11 దాకా రోజుకు 17 గంటలే నడుపుదామని అనుకున్నాం. ఆ లెక్కన 5 నిమిషాల చొప్పున 21 రోజులు కావాలి. అంటే జూన్ వస్తుంది. మరి 3 నిమిషాలది 5 ఎందుకైంది? ఉష్ణోగ్రతలు చూపే ప్రోగ్రాం తెరిచాం. మొదటి ప్రాసెసర్ 74 డిగ్రీలు. రెండోది 90 దాటింది. అంత వేడెక్కితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 3 గిగాహెర్ట్జ్‌కు పైన పరుగెత్తాల్సింది 2 దగ్గర ఈసురోమంటోంది.

కంప్యూటరు తిన్న కరెంటంతా చివరికి ఎటు పోతుంది? దాదాపు చివరి వాటు దాకా వేడిగానే మారుతుంది. మా ప్రాసెసర్ ఒక్కోటీ 135 వాట్ల రకం. మిగతావన్నీ కలుపుకుంటే గోడ ప్లగ్గు దగ్గర 420 వాట్లు చూపించింది మీటరు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. అంటే ముందుగదిలో రాత్రంతా నలుగురు చుట్టాలు కూర్చున్నట్టే. అదీ కదలని, మెదలని చుట్టాలు!

వేడి పుట్టడం తప్పు కాదు, అది పని జరిగిందనడానికి రసీదు. తప్పంతా అది బయటికి పోయే దారిలోనే ఉంది. ఆ దారి పట్టుకుని మేం మెల్లగా వెతుకుతూ పోయాం.

మొదటి అడ్డు పేస్టు. ప్రాసెసర్‌కు, కూలర్‌కు మధ్య కంటికి కనబడని గుంటల్లో గాలి ఉండిపోతుంది. ఆ గాలిని నెట్టేయడానికే థర్మల్ పేస్టు. వేడిని మోసే శక్తిలో రాగికి 400 మార్కులు వేస్తే మంచి పేస్టుకు 5 నుంచి 10 దాకా వస్తాయి. గాలికైతే ఒక మార్కులో నలభయ్యో వంతు. గాలికన్నా పేస్టు వందల రెట్లు మేలు, రాగి ముందు మాత్రం తీసికట్టు. కాబట్టి గుంటలు పూడేంత రాయాలి, అంతే. మా పిల్ల దోసె మీద వెన్న రాసినట్టు దట్టంగా పట్టించింది. తుడిచేసి, బఠాణీ గింజంత పెట్టి మళ్లీ బిగించాం. 4 డిగ్రీలు తగ్గింది.

రెండో అడ్డు వెనక ఫ్యాను. అది గాలిని బయటికి నెట్టాలి. మేం తిరగేసి బిగించాం. ముందు ఫ్యాన్లు లోపలికి తోస్తున్నాయి, వెనకదీ లోపలికే తోస్తోంది. రెండు వైపుల నుంచీ వచ్చిన గాలి మధ్యలో కొట్టుకుంటోంది. ఫ్యాను పక్కన గాలి ఎటు పోతుందో బాణం గుర్తు ఉంటుంది. బిగించే ముందు అది చూడాలని ఆ పూట నేర్చుకున్నాం.

అసలు అడ్డు మూడోది. మా బోర్డు మీద ప్రాసెసర్లు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. ముందునుంచి వచ్చే చల్లగాలి మొదటిదాన్ని చల్లబరిచి, తాను వేడెక్కి, అప్పుడు రెండోదాని దగ్గరికి పోతోంది. పెళ్లి భోజనాల్లో రెండో బంతిలో కూర్చున్నవాళ్లకు చల్లారినవి వడ్డిస్తారు కదా. ఇక్కడ తిరకాసుగా, రెండో బంతికి వేడిగాలి వడ్డిస్తున్నారు! పాపం, అదెంత పరుగెత్తినా ఆయాసపడక ఏం చేస్తుంది?

మందులో దుకాణంలో చల్లదనానికి యంత్రాలేవో ఉంటాయని నేను ఆలోచిస్తుంటే మేనకోడలు లేచి వెళ్లి, చెప్పుల పెట్టె తెచ్చింది. అట్టను కత్తిరించి, మడిచి, ముందు ఫ్యాన్లలో ఒకదాని గాలి మొదటి ప్రాసెసర్ పక్కనుంచి నేరుగా రెండోదానికి అందేలా ఓ గొట్టం చేసింది. కంపెనీలు ప్లాస్టిక్‌తో చేసే పని అదే. మేం పెట్టె పారేసి లోపలి సామాను కొన్నాం గనక ఆ గొట్టం మాకు రాలేదు. వేడి తీగలకు తగలకుండా అట్టను కట్టి స్విచ్ వేశాం. రెండోది 90 నుంచి 81కి దిగింది.

కొసరు వేగం ఖరీదు

ఇంకా సంతోషం లేదు. ఎండ పెరిగితే మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు చివరి పని చేశాం. ప్రాసెసర్‌లో టర్బో అనే ఏర్పాటుంటుంది. వీలున్నప్పుడల్లా అసలు వేగం 2.9 గిగాహెర్ట్జ్ కన్నా పైకి దౌడు తీయిస్తుంది. దాన్ని ఆపేశాం.

"ఉన్న వేగం కూడా తగ్గిస్తావేంటి మామయ్యా?" అంది పిల్ల.

ఇక్కడే ఉంది కీలకం. వేగం పెంచాలంటే ప్రాసెసర్‌కు వోల్టేజీ కూడా పెంచాలి. ఖర్చయ్యే కరెంటు వేగంతో పాటు పెరగడమే కాదు, వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. వోల్టేజీ రెండింతలైతే ఖర్చు నాలుగింతలు. అంటే మొదట వచ్చే వేగం చవక, చివర్లో వచ్చే కొసరు వేగం మహా ఖరీదు. టర్బో తీసేస్తే బొమ్మకు 3 నిమిషాల బదులు 3 నిమిషాల 24 సెకన్లు పట్టింది. కరెంటు మాత్రం 420 వాట్ల నుంచి 330కి దిగింది. రెండో ప్రాసెసర్ 70ల్లోకి వచ్చి, తెల్లవార్లూ అక్కడే నిలబడింది.

ప్రపంచమంతా నేర్చుకున్న పాఠమూ ఇదే. ట్రాన్సిస్టర్లను చిన్నవి చేస్తూ పోతే వోల్టేజీ కూడా తగ్గించుకోవచ్చని, చోటుకు తగ్గ కరెంటు పెరగదని 1974లో రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు చూపించారు. మూడు దశాబ్దాలు ఆ దారి నడిచింది. 2000ల మధ్యకొచ్చేసరికి వోల్టేజీ ఇక తగ్గనని మొండికేసింది. చిప్పులు కాలిపోయేంత వేడెక్కసాగాయి. 2004 మేలో ఇంటెల్ తన తర్వాతి పెంటియం తరం టేజాస్‌ను రద్దు చేసుకుంది. 2005లో రెండు కోర్ల ప్రాసెసర్లు మామూలు డెస్క్‌టాప్‌లకు వచ్చాయి. ఒక్కణ్నే విపరీతంగా పరుగెత్తించే బదులు నలుగురిని మామూలుగా నడిపిద్దాం అన్నమాట. మీ జేబులోని ఫోనులో 8 కోర్లున్నాయంటే కారణం ఈ వేడే. అంతకుముందే, 1999లో, అబిట్ బీపీ6 అనే మదర్‌బోర్డు మీద రెండు చవక సెలెరాన్ ప్రాసెసర్లు పెట్టుకుని ఔత్సాహికులు సంబరపడ్డారు. మాది ఆ వంశమే.

లెక్క తేల్చుకుందాం

మే 14 సాయంత్రం 6 గంటలకు అసలు పని మొదలుపెట్టాం. ఒక జాగ్రత్త తీసుకున్నాం. సినిమాను ఒకే వీడియోగా కాకుండా, ఏ బొమ్మకా బొమ్మ విడి ఫైలుగా దాచాం. మే గాలిదుమారాలకు కరెంటు మూడుసార్లు పోయింది. పోయిన ప్రతిసారీ సగంలో ఉన్న ఒక్క బొమ్మే పోయింది. వీడియోగా పెట్టి ఉంటే మొత్తం మొదటికొచ్చేది. ఇంట్లో యంత్రాలు కట్టుకోకపోయినా, పెద్ద పని ముక్కలుగా దాచుకోవడం మాత్రం అందరూ నేర్చుకోవలసిందే.

మే 29 తెల్లవారుజామున 4,320వ బొమ్మ వచ్చింది. ముసలాయన పడవ రేవుకు చేరింది. 31న సినిమా అందజేసింది.

ఖర్చంటారా? ప్రాసెసర్లు, బోర్డు, మెమరీ, పవర్ సప్లై, కూలర్లు, ఎస్ఎస్‌డి, తుక్కు దుకాణంలో దొరికిన పెద్ద క్యాబినెట్ అన్నీ కలిపి 36 వేలు. 245 గంటల పనికి 81 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకుంటే దాదాపు 570. అక్కయ్య గాజులు అక్కయ్య చేతికే ఉన్నాయి.

ఇదంతా చదివి మీరు రేపే పార్క్‌లేన్ బయల్దేరకండి. నిజం కూడా చెప్పాలి. 65 వాట్ల రకానికి చెందిన, ఈ కాలపు 8 కోర్ల ప్రాసెసర్ ఒక్కటి మా రెండిటి పనికి దాదాపు దీటుగా చేసేస్తుంది. మాదేమో ఏ పనీ లేకుండా ఊరికే వెలుగుతున్నా 130 వాట్లు తింటుంది. నెలంతా అలా వదిలేస్తే 90 యూనిట్లు దాటుతాయి. ఏసీ గదిలో పెడితే ఇంకో దండుగ. 1 టన్ను ఏసీ తీసేయగల వేడి 3,500 వాట్లు. పని చేసేటప్పుడు అందులో పదో వంతు మన ఏనుగుకే పోతుంది. కాబట్టి ఏడాది పొడవునా రోజూ వాడేవాళ్లు కరెంటు బిల్లు కలుపుకుని లెక్క వేసుకోండి. పాతది చవక కాకపోవచ్చు. ఫలానా తేదీలోపు ఫలానా పని తెమలాలి, తర్వాత స్విచ్ తీసేస్తాం అనేవాళ్లకు మాత్రం ఇంతకు మించిన బేరం లేదు. పైగా తుక్కులోకి పోవలసిన సరుకు ఇంకో పని చేసి పెడుతుంది.

మా ఏనుగు ఇప్పుడు గది మూల, పాత దుప్పటి కప్పుకుని పడుకుంది. మేనకోడలికి పెద్ద పని పడ్డప్పుడే లేపుతాం. మూత తీసి చూసిన ప్రతివాళ్లూ లోపలి చెప్పుల పెట్టె అట్టను చూసి నవ్వుతారు. తీసేసి మంచిది పెట్టిద్దామా అని ఓసారి అడిగాను.

"వద్దు మామయ్యా. రెండో బంతివాళ్లకు వేరే వడ్డన పెట్టింది అదే కదా" అంది.

ఆ మాట విన్న మా ఆవిడ వచ్చే డిసెంబరు చలికి ముందుగదిలో పొయ్యి వెలిగించవచ్చని అనుమతి కూడా ఇచ్చేసింది.